కుడి పక్క గోడ

మార్చి 4

చెల్లీ,

ఉదయం పాలు 231 లీటర్లు. చలి విరిగింది. పొలం ఇంకా బురదగానే ఉంది, పశువుల్ని బయటికి వదలడానికి రెండు వారాలు పడుతుంది. నిన్నటికి పదకొండు ఆవులు ఈనాయి. ఒక దూడ పోయింది.

మా పాల కేంద్రం రైతులం యుద్ధంలో పశువుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకి చూడి పెయ్యల్ని ఇస్తున్నాం. మొదటి విడత పన్నెండు, ఏప్రిల్ చివర్లో మరో నలభై. లారీలు నువ్వు పనిచేసే శిబిరానికే వస్తాయని కేంద్రం కార్యదర్శి చెప్పాడు. నువ్వు పశువుల నర్సువి కాబట్టి దింపుకునేది కూడా నువ్వేనట.

మన కొట్టం నుంచి సణుగుడు వస్తోంది. నువ్వు దాన్ని చూడలేదు. ఆ పేరు నాన్న పెట్టాడు. దాణా ఒక్క నిమిషం ఆలస్యమైతే గొంతులో గొణుక్కుంటుంది. రెండేళ్ళది, చూడి ఏడో నెల. చెవి బిళ్ళ నంబరు 417. మంచి పెయ్య.

మీ వదిన అడిగింది, "ఇంత మందలో దాన్నే ఎందుకిస్తున్నావు?" అని. నేనేమీ అనలేదు. "నిన్ను అడిగేకంటే ఆ తొట్టిని అడిగినా నయం" అంది.

దాన్ని జాగ్రత్తగా చూసుకో.

అన్నయ్య


మార్చి 15

అన్నయ్యా,

నీ ఉత్తరం, నీ పెయ్య ఒకే లారీలో దిగాయి. రెండింట్లోనూ పెయ్యే ఎక్కువ మాట్లాడింది. లారీ తలుపు తియ్యకముందే లోపల గొణుగుడు వినిపించింది. బిళ్ళ చూడకుండానే "ఇది మా ఇంటిదే" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక్కడ నవ్వి చాలా రోజులైంది.

ఇక్కడ కూడా వసంతం వచ్చిందంటున్నారు. పోల్చుకోవడానికి చెట్లు లేవు. రోడ్డు పక్కన కాలిన మోడుల కింద పచ్చిక మాత్రం మొలుస్తోంది. శిబిరంలో గుడారాలు పద్నాలుగు వరసలు. చివరి వరస వెనక రేకుల పందిరి వేసి పశువుల్ని కట్టాం. అక్కడే ఒక బల్ల, మందుల పెట్టె, నేను. ఫోన్లు పనిచెయ్యవు. సంస్థ సంచి వారానికోసారి వెళ్తుంది, ఒక్కోసారి అదీ ఆగుతుంది. నీలాంటి మనిషికి ఇది స్వర్గం.

పెయ్యల్ని చీటీలు వేసి పంచాం. సణుగుడు ఒక దర్జీ ఆవిడకి వచ్చింది. ఆవిడ భర్త జాడ తెలియదు. ముసలి అత్తగారు, ఆవిడ, ఇద్దరే. ఆవిడ రోజంతా చేతి మిషను మీద చిరిగిన గుడారాలు కుడుతుంది. ఆవిడ చెయ్యి ఆడితేనే ఆ వరసలో వాన లోపలికి రాదు. చీటీ విప్పి, నా మొహం చూసి, "మీ ఇంటి ఆవా? అయితే పాలకి తగువొస్తే మీ దగ్గరికే వస్తాను" అంది.

ఇక్కడిదాకా రాసి ఆపాను. మూడు రోజుల తర్వాత మళ్ళీ మొదలుపెడుతున్నాను.

నిన్న పొద్దున ఆవిడ నీళ్ళ బకెట్టు పట్టుకుని దాని పక్కకి వెళ్ళింది. అది ఒక్కసారిగా పక్కకి దూకి, ఆవిడని గుంజకేసి నొక్కేసింది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. కట్టు కట్టారు. కనీసం ఎనిమిది వారాలు కుట్టుపని లేదు. అప్పటినుంచి ఎవరు దగ్గరికి వెళ్ళినా అది బెదిరి గుండ్రంగా తిరుగుతోంది. శిబిరమంతా దాన్ని పిచ్చి ఆవు అంటోంది.

నీ సంగతి నాకు తెలుసు. పుట్టిన రోజు నుంచి దాని గురించి ఆ అట్ట పుస్తకంలో రాసే ఉంటావు. నాన్న దినవహి అనేవాడే, అదే. ఆ పేజీలు కాపీ చేసి పంపు. దాని స్వభావం ఏమిటో, ఎలా అలవాటు చేశావో తెలిస్తే ఇక్కడి వాళ్ళకి చెప్పుకోగలను.

చెల్లి


మార్చి 24

చెల్లీ,

ఉదయం పాలు 240. ఇవాళే పశువుల్ని బయటికి వదిలాం. ముసలి ఆవులు కూడా తోకలెత్తి గెంతాయి. కొట్టంలో గోడ పక్కన చివరి కట్టుచోటు ఖాళీగా ఉంది. అది సణుగుడిది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

సణుగుడు ఎవర్నీ నొక్కలేదు, ఎవర్నీ తన్నలేదు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా. సీసాతో పాలు తాగి పెరిగిన పెయ్య అది. నా చొక్కా అంచు నములుతూ పెరిగింది. పన్నెండు రోజుల్లో అది పిచ్చిదైపోతే పిచ్చి దాంట్లో లేదు. అక్కడివాళ్ళు దాన్నేం చేశారో ముందు అది రాయి. కొట్టారా? ఆకలికి ఉంచారా? కుక్కల్ని వదిలారా? లారీలో నాలుగు రోజులు నిలబడి వచ్చినదాన్ని దింపగానే చీటీలు వేసుకున్నామని నువ్వే రాశావు. అదేమన్నా వస్తువా?

నా మందలో మంచిదాన్ని ఇచ్చాను. చెడ్డదాన్ని ఇచ్చిన వాళ్ళున్నారు, వాళ్ళెవరో నాకు తెలుసు. నేనివ్వలేదు. అలాంటిది నా పెయ్య పిచ్చిదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

దినవహి నేను ఎవరికో చూపించడానికి రాసుకున్నది కాదు.

మీ వదిన ఈ ఉత్తరం చదివింది. "చెయ్యి విరిగిన మనిషి గురించి ఒక్క మాటైనా లేదేం? నువ్వు రాసింది ఆవుకా, చెల్లికా?" అంది. ఆవిడ చెయ్యి బాగవ్వాలి.

అన్నయ్య


ఏప్రిల్ 1

అన్నయ్యా,

చెయ్యి విరిగినావిడకి నీ సానుభూతి అందజేశాను. మూడు మాటలు. అవి కూడా వదిన పుణ్యం.

వాళ్ళేం చేశారని అడిగావు. చెప్తాను. కప్పుకోవడానికి ఉన్న రెండు దుప్పట్లలో ఒకటి దాని మీద కప్పారు. తాగే నీళ్ళకి గంట సేపు వరసలో నిలబడి, అందులో సగం దానికి పోశారు. ఇవీ వాళ్ళు చేసిన ఘోరాలు. వెళ్ళి రాసుకో నీ దినవహిలో.

నువ్వేం చేశావో కూడా ఇప్పుడు నాకు తెలిసింది. నీ ఉత్తరం చూశాక ఒళ్ళు మండి, టార్చి తీసుకుని దాన్ని కాళ్ళ గిట్టల నుంచి కొమ్ము మొదలు దాకా పరీక్షించాను. కుడి కంట్లో వెలుతురు వేశాను. రెప్ప కదల్లేదు. చెయ్యి ఆడించాను. కదల్లేదు. నల్లగుడ్డు మీద పాత మచ్చ. ఆ కన్ను ఈ నెలలో పోయింది కాదు, ఏనాడో పోయింది. ఇక్కడ అందరూ పశువు దగ్గరికి కుడి పక్కనుంచే వెళ్తారు, పాలు కూడా ఆ పక్కనే పితుకుతారు. ఆ దర్జీ ఆవిడ దానికి చీకట్లోంచి ఊడిపడినట్టు వెళ్ళింది.

అప్పుడు పెయ్యతో వచ్చిన నీ ఫారం వెతికి తీశాను. "లోపాలు" అన్నచోట నీ దస్తూరీతో "లేవు" అని ఉంది. మీ పశువుల డాక్టరు సంతకం కూడా ఉంది. ఆయనకెందుకు కనపడలేదా అని ఆలోచించాను. నీ ఉత్తరమే చెప్పింది: గోడ పక్కన చివరి కట్టుచోటు. ఆ కొట్టంలో నేనూ పెరిగాను అన్నయ్యా. ఆ చోట కట్టిన పశువుకి కుడి పక్క గోడే ఉంటుంది. ఆయన ఎడం పక్కనుంచి చూసి వెళ్ళిపోయాడు. ఎంత తెలివి! నీకు పనికిరానిదాన్ని దూరదేశం పంపి, పైగా "మంచి పెయ్య" అని ఉత్తరం.

ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ భాషలో తడబడుతూ చెప్పాను. ఆవిడ, "మాకు అన్నీ సగం సగమే మిగిలాయి. సగం ఇల్లు, సగం కుటుంబం. మీ అన్న చూసి చూసి దానికి తగ్గట్టే పంపాడు" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

విచిత్రమేమిటంటే, ఆవిడ అత్తగారికి మాత్రం అది లొంగుతుంది. ఆ ముసలావిడకి గుడారం పొగకి ఎడతెగని దగ్గు. దగ్గుకుంటూ వెళ్ళి దాని పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది. అది మెదలదు. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలిసిన మనిషి నోరు విప్పడు.

నీకిది కొత్తేం కాదు. నాన్న పన్నెండు రోజులు మంచంలో ఉన్నాడు. నువ్వు రోజూ రాస్తూనే ఉండి ఉంటావు, పాలెన్ని, దూడలెన్ని, నాన్న ఎలా ఉన్నాడు. నాకు మాత్రం అంతా అయిపోయాక నాలుగు వాక్యాల ఉత్తరం. అప్పుడు నేనున్న శిబిరంలోనూ ఫోను లేదు, నిజమే. కానీ సంస్థ ఆఫీసుకి ఒక్క ఫోను చేసుంటే రెండు రోజుల్లో నా చేతికి కబురందేది. నువ్వు చెయ్యలేదు. ఎందుకని రెండేళ్ళుగా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

పేజీలు పంపు. ఈసారి సాకులొద్దు.

చెల్లి


ఏప్రిల్ 8

చెల్లీ,

పాలు 238.

నేను పనికిరానిదాన్ని దానం చెయ్యలేదు. ఆ మాట నువ్వు వెనక్కి తీసుకునేదాకా నాకు రాయక్కర్లేదు.

సణుగుడికి ఒక కన్ను లేకపోవడం నాకు లోపం కాదు. నేను దాన్నెప్పుడూ అలా లెక్కపెట్టలేదు. గోడ పక్క చోటు ఈ ఏడు వచ్చిన కొత్త డాక్టరు కళ్ళు కప్పడానికి ఇచ్చింది కాదు, దూడగా ఉన్నప్పటినుంచి దానిదే. ఎందుకో నీకు తెలియాలి. చిన్నప్పుడు ఇదే కొట్టంలో నాతోపాటు పేడ ఎత్తావు. పెద్ద చదువు చదివి టార్చి పట్టుకునేసరికి అన్నలో దొంగ కనిపించాడు.

మొన్న పాల కేంద్రంలో సమావేశం జరిగింది, రెండో విడత గురించి. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. కార్యదర్శి, "మనవాడి చెల్లెలు అక్కడే ఉంది కదా, మన పెయ్యలు ఎలా ఉన్నాయో చెప్తాడు" అన్నాడు. నేనెప్పుడూ అక్కడ నోరు విప్పలేదు. ఆ రోజు లేచాను.

"రెండో విడతలో నా పెయ్యని ఇవ్వను" అన్నాను.

"ఎందుకు?"

"మనం ఇచ్చేది మంచిదో చెడ్డదో వాళ్ళు టార్చి వేసి చూస్తారట. చూసుకోనీ. నాది మాత్రం ఇవ్వను."

అంతే అన్నాను. కూర్చున్నాను. ఎవరో వెనకనుంచి, "ఈయనే లేచి మాట్లాడాడంటే అక్కడ ఏదో పెద్ద వ్యవహారమే ఉంది" అన్నారు. తర్వాత ఒక్కొక్కళ్ళే పేర్లు తీసేసుకున్నారు. తీసెయ్యమని నేను ఎవరికీ చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

నాన్న మాట ఎత్తావు. ఆ పన్నెండు రోజులూ నేనిక్కడ ఉన్నాను. నువ్వు ఎవరి పశువులకో సూదులు వేస్తూ ఉన్నావు. అడిగే హక్కు ఎవరికుందో నువ్వే ఆలోచించుకో.

పేజీలు పంపను.

ఇట్లు,
బిళ్ళ నంబరు 417 ఇచ్చిన రైతు


ఏప్రిల్ 12

అన్నయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈ వారం సంచి ఆగిపోయింది. కానీ జాబితా పట్టుకుని ఆఫీసాయన జీపులో వచ్చారు, ఈ ఉత్తరం ఆయన చేతే పంపుతున్నాను. నలభై పెయ్యలు తొమ్మిదయ్యాయి. ఎందుకని అడిగితే, మీ కేంద్రంలో ఎవరో లేచి మాట్లాడారన్నారు. ఎవరని అడిగాను. చెప్పారు. నమ్మలేదు. మా అన్నయ్య సమావేశంలో మాట్లాడడు, మీరు పొరబడ్డారు అన్నాను.

జీవితంలో ఒక్కసారి నోరు విప్పావు. దానికా విప్పావు?

ముప్పై ఒక్క కుటుంబాలకి నేను స్వయంగా చెప్పాను, ఈ నెలాఖరుకి మీకు ఆవు వస్తుందని. కొందరు అప్పుడే గుంజలు పాతుకున్నారు. ఖాళీ గుంజల మధ్య నేను రోజూ నడుస్తున్నాను. వచ్చి నడిచి చూడు.

ఇక నీ సణుగుడు సంగతి. ఏప్రిల్ 30న శిబిరం పెద్దలు కూర్చుంటారు. పిచ్చి ఆవుని శిబిరంలో ఉంచకూడదని, వంటశాలకి ఇచ్చెయ్యాలని వాళ్ళ మాట. కడుపులో దూడ ఉందన్నాను. "మనుషుల్ని చంపాక ఈనితే ఎవరికి లాభం?" అన్నాడు గుడారాల పెద్ద. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన వరసలోనే ఆవిడ చెయ్యి విరిగింది. నేను సంతకం పెడితే చాలు, అదే రోజు కోసేస్తారు. పెట్టకపోతే, అది పిచ్చిది కాదని ఏదో ఒక కాగితం చూపించాలి. నా దగ్గర కాగితం లేదు. నీ దగ్గరుంది.

నా మీద నీకెంత కోపముందో నాకు అనవసరం. ముప్పయ్యో తేదీలోపు పేజీలు రాకపోతే నేను సంతకం పెడతాను.

చెల్లి


ఏప్రిల్ 20

చెల్లీ,

ఈ ఉత్తరం సంచిలో వెయ్యట్లేదు. రేపు పొద్దున పెయ్యల లారీతో వచ్చే డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నీ చేతికే ఇవ్వాలని చెప్పాను. నాలుగు రోజుల్లో చేరుతుంది.

నీ పన్నెండో తేదీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. పేజీలు ఎందుకు పంపలేదో చెప్తాను. నా దినవహిలో పశువుకో పేజీ, మనిషికో పేజీ ఉండదు. రోజుకో పేజీ. సణుగుడు నాన్న పడిపోయిన రోజునే పుట్టింది. దాని రోజులు, నాన్న రోజులు ఒకే పేజీల మీద ఉన్నాయి. ఒకటి పంపితే రెండోది కూడా పంపాలి. చింపి ఇవ్వలేను. ఎత్తి రాస్తున్నాను. ఒక్క మాట మార్చలేదు. రెండేళ్ళ కిందటివి.

మార్చి 29. ఉదయం పాలు 204. మూడో ఆవు ఈనింది, పెయ్య. అడ్డం తిరిగితే తాడు కట్టి లాగాం. నాన్న కూడా ఒక చెయ్యి వేశాడు. దూడ బయటపడ్డాక కొట్టంలోనే కూలబడ్డాడు. డాక్టరు గుండె అన్నాడు.

మార్చి 30. పాలు 198. తల్లి ఆవు పోయింది. పెయ్యకి వేరే ఆవు ముర్రుపాలు సీసాతో పట్టాను. నాన్న అన్నాడు, "చెల్లికి రాయకు. పని వదిలేసి పరిగెత్తుకొస్తుంది." రాయలేదు.

ఏప్రిల్ 2. పాలు 200. పెయ్యని నాన్న గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. గొణిగింది. "నాకంటే ఎక్కువ సణుగుతోందే" అని నవ్వాడు. అదే పేరు.

ఏప్రిల్ 4. పాలు 190. పెయ్య కుడి కంటి నుంచి నీరు. గడ్డిపరక గుచ్చుకున్నట్టుంది. రేపు చూడాలి. నాన్న ఏమీ తినలేదు.

ఏప్రిల్ 5. పాలు 192. నాన్న అడిగాడు, "చెల్లి ఎప్పుడొస్తుంది?" రాయొద్దన్న సంగతి మర్చిపోయినట్టున్నాడు. వస్తుందన్నాను. రేపు రాయాలి. పెయ్య కన్ను చూడలేదు.

ఏప్రిల్ 6. పాలు 195. మూడు ఈనాయి. నాన్న మళ్ళీ అడిగాడు. బయల్దేరిందని చెప్పాను. రేపు రాయాలి. పెయ్య కన్ను ఎర్రగా వాచింది. రేపు చూడాలి.

ఏప్రిల్ 7. పాలు 201. నాన్న అడగలేదు. తలుపు వైపు చూస్తూ పడుకున్నాడు.

ఏప్రిల్ 8. పాలు 203. చెల్లికి రాయడం మొదలుపెట్టాను. ఒక వాక్యం.

ఏప్రిల్ 9. పాలు 211. పాలు పితికే వేళకి నాన్న పోయాడు. ఉత్తరంలో మిగతా మూడు వాక్యాలు రాశాను.

ఏప్రిల్ 11. పాలు 207. పశువుల డాక్టరు పెయ్య కన్ను చూశాడు. చూపు పోయిందన్నాడు. "నాలుగు రోజుల ముందు పిలిచుంటే" అన్నాడు. గోడ పక్కకి మార్చాను. ఆ పక్కనుంచి ఇంక ఎవరూ రాలేరు.

ఇవీ పేజీలు. ఫోను చేస్తే మాట్లాడాలి. నాకు మాట్లాడటం రాదు. బస్తాల మీద అక్షరాలు చూసి నేర్చుకున్నవాణ్ణి, రాయడం ఒక్కటే వచ్చు. అది కూడా రేపటికి పెట్టాను. ఫారంలో "లోపాలు" అన్న చోట చాలాసేపు ఆగాను. అక్కడ రాయాల్సిన లోపం పెయ్యది కాదు. అందుకని "లేవు" అని రాశాను. అది తప్పు. దానివల్ల ఒకావిడ చెయ్యి విరిగింది. ఆవిడకి ఈ మాట నేను చెప్పానని చెప్పు. ఈసారి వదిన చెప్తే రాసింది కాదు.

ఆ ముసలావిడ దగ్గు గురించి నువ్వు రాయగానే నాకు అర్థమైంది. సణుగుడి దగ్గరికి వెళ్ళేముందు నేను రెండుసార్లు దగ్గుతాను. పుట్టినప్పటినుంచి అంతే. దగ్గు వింటే మనిషి వస్తున్నాడని దానికి తెలుస్తుంది. ఎడం పక్కనుంచి వెళ్ళి, ముందు భుజం మీద చెయ్యి వెయ్యాలి. పాలు కూడా ఎడం పక్కనే పితకాలి. కుడి పక్క గోడ ఉండాలి, ఏ గోడైనా సరే. ఇది ఎనిమిదో తేదీనే రాసి ఉండొచ్చు. కోపంతో రాయలేదు. దానికేమైనా అయితే అది కూడా నాదే.

నిన్న సాయంత్రం రైతులంతా క్యాన్లు తెచ్చే వేళకి పాల కేంద్రానికి వెళ్ళాను. మళ్ళీ లేచి నిలబడ్డాను. కన్ను సంగతి చెప్పాను. ఫారం సంగతి చెప్పాను. మొన్న నేనన్నది అబద్ధం కాదు గానీ సగమేనన్నాను. కార్యదర్శి, "నువ్వు నోరు విప్పకపోతే ఒక నష్టం, విప్పితే ఇంకో నష్టం. నీతో ఎలా వేగాలయ్యా?" అన్నాడు. ఒకాయన నన్ను తిట్టాడు. తిట్టనిచ్చాను. క్యాన్లు దించేసి వెళ్ళేలోపు పేర్లు మళ్ళీ రాయించుకున్నారు. లారీకి ముప్పై ఆరు ఎక్కుతున్నాయి. నావి రెండు. నలుగురు ఇంకా నా మీద కోపంగా ఉన్నారు.

ఈసారి ఒక్కో పెయ్యతో ఒక్కో కాగితం వస్తోంది, ఫారం కాదు. అది దేనికి బెదురుతుందో, దేనికి వస్తుందో పెంచినవాళ్ళే రాశారు. ఒకదానికి ఈల వెయ్యాలి. ఒకటి ఎర్రబకెట్టులో అయితేనే తాగుతుంది. ఒకాయన తన పెయ్య గురించి నాలుగు పేజీలు రాశాడు. ఆయన భార్య, "మన పెళ్ళప్పుడు నా గురించి మీవాళ్ళకి నాలుగు ముక్కలు కూడా చెప్పలేదు" అందట.

నాకు ఇంకా నీ మీద కోపం ఉంది. పనికిరానిదాన్ని పంపానన్నావు. నా దగ్గర ఉన్నవాటిలో అదే నాకు ఎక్కువ. అందుకే పంపాను.

నాన్న నీకోసం అడిగాడు. రెండుసార్లు. ఇది చెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

అన్నయ్య


మే 16

అన్నయ్యా,

డ్రైవరు ఉత్తరాన్ని నా చేతికే ఇచ్చాడు. బల్ల దగ్గర నిలబడే చదివాను. ఏప్రిల్ 6 దగ్గరికి వచ్చేసరికి దాన్ని తీసుకెళ్ళి బురదలో విసిరేశాను. "బయల్దేరింది" అని చెప్పావా? నాన్న తలుపు వైపు చూస్తూ పడుకుంది దానికోసమా? ఆయనకి నేను రాలేదన్న బాధ లేదు అన్నయ్యా, దారిలో ఉన్నానన్న నమ్మకం ఉంది. అదే ఇంకా భరించలేనిది. ఏ అర్ధరాత్రి లారీ ఎక్కి ఎంత దూరమైనా వచ్చేదాన్ని. నువ్వు నా నుంచి ఆ ప్రయాణం దొంగిలించావు. అందుకే ఇన్నాళ్ళు నీకు జవాబు రాయలేదు. రెండు సంచులు వెళ్ళిపోయాయి. రాయకుండా ఉండటం ఎంత తేలికో తెలిసింది.

తర్వాత వెళ్ళి ఉత్తరం తీసుకున్నాను. కడిగి ఆరబెట్టాను. అక్షరాలు పోలేదు. నువ్వు వాడేది ఆ పాత నల్ల పెన్సిలే కాబట్టి.

ముప్పయ్యో తేదీన పెద్దల ముందు సణుగుడి వాక్యాలే చదివాను. నాన్నవి నాలోనే చదువుకున్నాను. గుడారాల పెద్ద, "కాగితం మీద ఎవరైనా ఏదైనా రాస్తారు" అన్నాడు. అప్పుడు దర్జీ ఆవిడ లేచింది. కట్టు కట్టిన చేత్తోనే పందిరి కిందకి వెళ్ళింది. రెండుసార్లు దగ్గింది. ఎడం పక్కనుంచి వెళ్ళి భుజం మీద మంచి చెయ్యి వేసింది. సణుగుడు తల తిప్పి ఆవిడ కొంగు నమిలి, గొణిగింది. "ఏమంటోంది?" అని అడిగారు ఎవరో. "ఇన్నాళ్ళూ మర్యాద తెలియదా మీకు, అంటోంది" అంది ఆవిడ. గుడారాల పెద్ద నా సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని మడిచి నాకు ఇచ్చేశాడు.

నీ మాట ఆవిడకి చెప్పాను. "క్షమించానని చెప్పకు. చెయ్యి అతికాక ఆలోచిస్తాను" అంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

కుడి పక్కన ఇసుక బస్తాలు పేర్చి గోడ కట్టాం. ఇప్పుడు ఆ వరసలో ఎవరు పందిరి వైపు వెళ్ళినా రెండుసార్లు దగ్గుతున్నారు. మొన్న మనుషుల డాక్టరు పర్యటనకి వచ్చి, "ఈ వరసలో అందరికీ దగ్గు ఎప్పటినుంచి? మందులు ఎందుకు అడగలేదు?" అని మండిపడ్డాడు. చెప్తే నమ్మలేదు. సీసాలు ఇచ్చి వెళ్ళాడు. ముసలావిడకి పనికొచ్చాయి.

ముప్పై ఆరూ క్షేమంగా దిగాయి. ఆ ఎర్రబకెట్టు దానికి ఎర్రబకెట్టు దొరకలేదు, పాత బకెట్టుకి దర్జీ ఆవిడ ఒంటిచేత్తో ఎర్రగుడ్డ చుట్టింది. తాగింది.

నా కోపం పోలేదు. పోతే రాస్తాను. అప్పటిదాకా ఆ ఏప్రిల్ పేజీలు నా దగ్గరే ఉంటాయి. "పనికిరానిది" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం సణుగుడు ఈనింది. ఎవరూ లాగక్కర్లేకపోయింది. పెయ్యదూడ. నీ దినవహిలో రాసుకో. ఇవాళ పొద్దున దాని ఎడం కంటి మూల గడ్డిపరక ఒకటి కనిపించింది. తీసేశాను. రెండు కళ్ళూ కడిగి, వెలుతురు వేసి చూశాను. రెండూ చూస్తున్నాయి.

ఇవాళే చూశాను.

చెల్లి